నిలువురాళ్లు సూర్యుణ్ని చూస్తున్నాయా? ముడుమాల్, మలెనాడు రాళ్ల చర్చలో లెక్క ఎంత, ఊహ ఎంత

క్లుప్తంగా: కృష్ణా తీరంలోని ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాక ‘ఇది ఆదిమ మానవుల అబ్జర్వేటరీ (ఆకాశాన్ని కొలిచే వేధశాల)’ అనే మాట బాగా పాకింది. రాళ్లను దిక్కు చూసి నిలబెట్టడం ఒక సంగతి. అయనాంతపు సూర్యుడికి, అంటే జూన్, డిసెంబరులలో సూర్యుడు వెనక్కి మళ్లే దిక్కుకు, గురిపెట్టి నిలబెట్టడం ఇంకొకటి. ఆ రాళ్లతో ఆకాశాన్ని కొలవడం మరొకటి. మొదటిదానికి దక్షిణ భారతంలో గట్టి సాక్ష్యమే ఉంది. రెండోదానికి కర్ణాటకలోని కొండ ప్రాంతమైన మలెనాడులో చెప్పుకోదగ్గ ఆధారం దొరికింది. మూడోది ఇప్పటికీ ఊహ దగ్గరే ఆగింది.

## రెండు వార్తలు కలిసిపోయిన చోట

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు సూర్యుడు, రాయి అనగానే గుర్తొచ్చేది గవిపురం. ఏటా మకర సంక్రాంతి సాయంత్రం గవి గంగాధరేశ్వర గుడిలో అస్తమించే సూర్యుడి కిరణాలు నంది కొమ్ముల మధ్యగా సాగి, గుహలోని లింగం మీద పడతాయి. ఆ కొద్ది నిమిషాల కోసం జనం గంటల ముందే చేరతారు, టీవీ ఛానళ్లు లైవ్ ఇస్తాయి.

2025 మార్చిలో ఇంకో వార్త వచ్చింది. తెలంగాణలోని నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో ఉన్న ముడుమాల్ నిలువురాళ్లను యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారు. బెంగళూరు నుంచి రాయచూరు మీదుగా వాడి వైపు వెళ్లే రైళ్లు కృష్ణా నదిని దాటేది ఆ మండలంలోకే. అక్కడ సుమారు 80 ఎకరాల్లో 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న పెద్ద రాళ్లు దాదాపు 80, వాటి చుట్టుపక్కల వరసలుగా పేర్చిన చిన్న బండలు 3,000 దాకా ఉన్నాయి. వీటి వయసు 3,500 ఏళ్లకు పైమాటేనని అంచనా. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.పి. రావు ఏళ్ల తరబడి వీటిని పరిశీలించి, కొన్ని వరసలు అయనాంత, విషువత్తు (పగలు, రాత్రి సమానంగా ఉండే) రోజుల సూర్యోదయ, సూర్యాస్తమయాలకు సరిపోతున్నాయని చెప్పారు. ఒక బండ మీద తొలిచిన గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయన్నది కూడా ఆయన పరిశీలనే.

ఆ తర్వాత జనం మాటల్లో గవిపురం గుడి, ముడుమాల్ రాళ్లు, మలెనాడులోని శివమొగ్గ జిల్లా అడవుల్లో ఉన్న నిలువురాళ్లు ఒకే మూటలో పడ్డాయి. ‘సంక్రాంతి రోజు సూర్యుణ్ని చూపించే 3,500 ఏళ్ల నాటి గడియారం’ లాంటి వాక్యాలు అక్కడ పుట్టినవే. ఆ వాక్యంలో ఉన్న రెండు ముక్కలు, సంక్రాంతి, 3,500 ఏళ్లు, ఒకదానితో ఒకటి కుదరవు. ఎందుకన్నది సూర్యుడి నడకలోనే ఉంది.

## దిగంతం మీద సూర్యుడి నడక

భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్ల సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే: మార్చి 20-21, సెప్టెంబరు 22-23. వీటినే విషువత్తులు అంటారు. మిగతా రోజుల్లో ఉదయించే చోటు తూర్పు నుంచి ఉత్తరానికో దక్షిణానికో జరుగుతూ ఉంటుంది. జూన్ 21న ఉత్తరపు చివరకు, డిసెంబరు 21-22న దక్షిణపు చివరకు చేరి, అక్కడ ఆగినట్టే ఆగి వెనక్కి తిరుగుతుంది. అవి అయనాంతాలు.

ఆ చివర ఎంత దూరంలో ఉంటుందన్నది ఊరి అక్షాంశాన్ని బట్టి మారుతుంది. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు తూర్పుకు అటు 24, ఇటు 24 డిగ్రీలు, మొత్తం 48 డిగ్రీల మేర తిరుగుతాడు. ముడుమాల్‌లో ఇది 49 డిగ్రీలు. ఇంగ్లండ్‌లోని పేరున్న రాతి వలయం స్టోన్‌హెంజ్ 51 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ ఈ తిరుగుడు దాదాపు 79 డిగ్రీలు. ఐరోపా రాళ్ల మీద పుట్టిన పద్ధతులను దక్కన్‌కు తెచ్చేటప్పుడు ఈ తేడాను చాలామంది పట్టించుకోరు.

ఇంకో తేడా కొండలది. దక్షిణ భారతంలో సూర్యుడు దిగంతం నుంచి దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తాడు. అందువల్ల తూర్పున రెండు డిగ్రీల ఎత్తులో కొండ అడ్డున్నా, సూర్యుడు కనిపించే చోటు పక్కకు జరిగేది సుమారు అర డిగ్రీయే. స్టోన్‌హెంజ్ దగ్గర సూర్యుడు ఏటవాలుగా లేస్తాడు కాబట్టి అంతే ఎత్తు కొండ రెండు డిగ్రీలకు మించిన తేడా తెస్తుంది. కొండల ఎత్తు కొలవకుండా గీసిన రేఖలు ఇక్కడ అక్కడున్నంతగా తప్పిపోవు. మలెనాడు, రాయలసీమ గుట్టల మధ్య పనిచేసేవాళ్లకు ఇది కలిసొచ్చే సంగతి.

ఇక వేగం. విషువత్తు రోజుల్లో ఉదయించే చోటు రోజుకు 0.4 డిగ్రీ, అంటే సూర్యబింబం వెడల్పులో ముప్పావు వంతు జరుగుతుంది. రాళ్లను సరిగ్గా పేరిస్తే ఆ రోజును గుర్తుపట్టవచ్చు. అయనాంతం దగ్గర మాత్రం వారం రోజులకు జరిగేది 0.2 డిగ్రీ కూడా ఉండదు. అయనాంతపు దిక్కు కనుక్కోవడం సులువు, ఎందుకంటే అది సూర్యుడు తిరిగే మలుపు, ఎవరైనా కళ్లతో చూడగలరు. కానీ అది ఫలానా రోజు అని రాళ్లతో తేల్చడం కష్టం. విషువత్తుది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. రోజును పట్టుకోవచ్చు గానీ, ఆకాశంలో ఆ రోజున మలుపంటూ ఏమీ కనబడదు. అందుకే ‘ఈ వరస విషువత్తు సూర్యోదయానికి గురిపెట్టారు’ అన్నప్పుడు నిజానికి కొలతలో తేలేది ఒక్కటే, ఆ వరస తూర్పు పడమరలుగా ఉంది అని. తూర్పును ఎంచుకోవడానికి ఖగోళశాస్త్రం అక్కర్లేదు.

ఉష్ణమండలానికి మాత్రమే ఉన్న ఇంకో వింత ఉంది. బెంగళూరు, చెన్నైలలో ఏటా ఏప్రిల్ 24-25న, మళ్లీ ఆగస్టు 18న మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ‘జీరో షాడో డే’ పేరుతో బడి పిల్లలకు చూపిస్తున్నది ఇదే. ముడుమాల్‌లో ఇది మే మొదటి వారంలో, ఆగస్టు మొదటి వారంలో వస్తుంది. నిటారుగా నిలబెట్టిన ఒక్క రాయి చాలు దీన్ని గమనించడానికి, రెండోది అవసరం లేదు. ఐరోపాలో ఇది జరగదు కాబట్టి అక్కడి నుంచి వచ్చిన చర్చల్లో దీనికి చోటు లేదు. మన దగ్గరా రాళ్ల గురించి మాట్లాడేటప్పుడు సూర్యోదయాన్నే పట్టుకుని మధ్యాహ్నాన్ని వదిలేస్తున్నారు.

## ఏ దిక్కుకైనా సూర్యుడు రెండుసార్లు వస్తాడు

సూర్యుడి దారి అయనాంతం దగ్గర వెనక్కి తిరుగుతుంది. కాబట్టి ఒక కిటికీనో, ఒక జత రాళ్లనో ఆ 48 డిగ్రీల లోపల ఏ దిక్కుకు గురిపెట్టినా సూర్యుడు అక్కడికి ఏడాదిలో రెండుసార్లు వస్తాడు. అయనాంతపు దిక్కు ఒక్కటే దీనికి మినహాయింపు.

గవిపురంలో సంక్రాంతి డిసెంబరు 21కి 24 రోజుల తర్వాత వస్తుంది. అయితే 24 రోజుల ముందు, అంటే నవంబరు 27 ప్రాంతంలో కూడా కిరణాలు పడాలి. పడుతున్నాయి. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియంకు చెందిన బి.ఎస్. శైలజ, సహచరులు 2008లో ప్రచురించిన పరిశీలనలో జనవరి 13-16 తేదీలతో పాటు నవంబరు 26 నుంచి డిసెంబరు 2 దాకా కూడా వెలుగు లోపలికి వస్తుందని చూపించారు. నవంబరులో పండుగ లేదు కాబట్టి గుంపులూ లేవు. శ్రీకాకుళం జిల్లా అరసవల్లిలో మార్చి 9, 10న, మళ్లీ అక్టోబరు 1, 2న స్వామి పాదాల మీద కిరణాలు పడటం తెలుగువాళ్లందరికీ తెలిసిందే. ఆ రెండు జతల తేదీలూ జూన్ 21కి దాదాపు సమాన దూరంలో, ఇటు 103-104 రోజులు, అటు 102-103 రోజుల్లో ఉన్నాయి. సూత్రం ఒకటే.

గవిపురం పరిశీలనలో ఇంకో పనికొచ్చే సంగతి ఉంది. 18వ శతాబ్దం చివర బెంగళూరు వచ్చిన థామస్ డేనియల్, విలియం డేనియల్ అనే చిత్రకారులు గీసిన బొమ్మలను ఇప్పటి గుడితో పోల్చి చూస్తే, తర్వాత కట్టిన గోడలు, మండపాలు పాత వెలుగు దారిని మార్చేశాయని తేలింది. అంతకుముందు అయనాంతాల సూర్యుడు కూడా గర్భగుడికి అందేవాడని వారి అంచనా. రెండు వందల ఏళ్లలోనే ఒక గుడి దిక్కుల లెక్క ఇంత మారితే, మూడు వేల ఏళ్లుగా ఎండకు, వానకు, నాగలికి ఎదురు నిలిచిన రాళ్ల మాట వేరే చెప్పాలా.

సంక్రాంతికీ అయనాంతానికీ మధ్య ఉన్న ఆ 24 రోజుల ఎడం కూడా స్థిరం కాదు. సంక్రాంతి నక్షత్రాలను బట్టి లెక్కించే పండుగ. భూమి అక్షం బొంగరంలా తలతిప్పడం వల్ల ఆ లెక్క ఋతువులతో పోలిస్తే సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతుంది. రెండూ ఒకే రోజు వచ్చింది 1,700 ఏళ్ల కిందట. ముడుమాల్ రాళ్లు నిలబెట్టిన కాలానికి ఇప్పటి రాశుల లెక్క దేశంలో వాడుకలోనే లేదు. ఆ రాళ్లు సంక్రాంతిని చూపిస్తాయనడం అందుకే కుదరదు.

## జంటలు ఎక్కువైతే గురి దానంతటదే దొరుకుతుంది

‘ఈ రెండు రాళ్లను కలిపితే డిసెంబరు సూర్యాస్తమయం వస్తోంది’ అన్న ఫొటో చూడగానే నమ్మబుద్ధి వేస్తుంది. కానీ అడగాల్సిన ప్రశ్న, ఎన్ని జంటలు చూశాక ఇది దొరికింది?

20 రాళ్లున్న చోట వాటిని రెండేసి చొప్పున కలిపితే 190 రేఖలు వస్తాయి. 80 రాళ్లుంటే 3,160 రేఖలు. సూర్యుడికి సంబంధించి ముఖ్యమైన రేఖలు మూడు: తూర్పు-పడమర ఒకటి, అయనాంతాలవి రెండు. ఒక్కోదానికి అటూ ఇటూ ఒక డిగ్రీ తప్పు ఒప్పుకుంటే, దిగంతంలోని 180 డిగ్రీల్లో 6 డిగ్రీలు ‘సరిపోయే’ దిక్కులే. అంటే ముప్పై రేఖల్లో ఒకటి ఏ ఉద్దేశమూ లేకుండానే సూర్యుడికి తగులుతుంది. 20 రాళ్ల దగ్గర అలాంటివి ఆరు, 80 రాళ్ల దగ్గర నూటికి పైగా దొరుకుతాయి. చంద్రుడు ఉదయించే చివరి చోట్లు, ప్రకాశవంతమైన పది నక్షత్రాలు కూడా కలుపుకుంటే ఇక దేనికీ తగలని రేఖ దొరకడమే కష్టం. వంద జాతకాలు తిరగేసి, కలిసిన ఒక్కదాన్ని పట్టుకొచ్చి పొంతన అద్భుతం అన్నట్టుంటుంది ఆ నిరూపణ.

కొలతలో దొర్లే తప్పులు వేరు. మూడు మీటర్ల రాయి ఐదు డిగ్రీలు ఒరిగితే దాని తల 26 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. 20 మీటర్ల దూరం నుంచి చూస్తే అది 0.75 డిగ్రీ, సూర్యబింబం కంటే ఎక్కువే. మీటరు వెడల్పున్న బండ అదే దూరం నుంచి దాదాపు మూడు డిగ్రీలు కప్పేస్తుంది. దాని ఏ అంచును గురిగా తీసుకోవాలి? ఫోన్‌లోని దిక్సూచి చూపించే ఉత్తరం అసలు ఉత్తరానికి ఒకటి రెండు డిగ్రీలు తేడాగా ఉంటుంది, ఫోన్ పరికరం తప్పు దానికి అదనం. ఫొటో తీసే మనిషి రెండడుగులు పక్కకు జరిగితే సూర్యుడు ఏ రెండు రాళ్ల మధ్యకైనా వచ్చి కూర్చుంటాడు.

## ఐరోపా చేసిన ప్రయాణం

ఈ గందరగోళం కొత్తది కాదు. 1901లో బ్రిటిష్ ఖగోళశాస్త్రవేత్త నార్మన్ లాక్యర్ స్టోన్‌హెంజ్ అక్షాన్ని కొలిచి, అయనాంతపు సూర్యుడితో పోల్చి, కట్టిన కాలం క్రీ.పూ. 1680 ప్రాంతమని లెక్కగట్టారు. (1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్‌తో పాటు, సూర్యుడి జ్వాలలను గ్రహణం లేకుండానే చూసే పద్ధతి కనుక్కున్న ఘనత దక్కినది ఈ లాక్యర్‌కే.) ఇప్పుడు పెద్ద రాళ్ల కాలం క్రీ.పూ. 2500 ప్రాంతమని తేలింది. లాక్యర్ లెక్క ఎనిమిది వందల ఏళ్లు తప్పింది. భూమి అక్షం వంపు శతాబ్దానికి 0.013 డిగ్రీ మాత్రమే మారుతుంది. మూడు వేల ఏళ్లకు కలిపినా 0.4 డిగ్రీ దాటదు. అంత చిన్న మార్పును, ఒరిగిన రాళ్ల మధ్య కొలిచి, కాలాన్ని తేల్చడం వీలుకాని పని. ముడుమాల్‌కు ‘సూర్యుడి దిక్కును బట్టి ఇన్నేళ్లు’ అని ఎవరైనా చెబితే ఇదే అభ్యంతరం వర్తిస్తుంది.

1963లో ఖగోళశాస్త్రవేత్త జెరాల్డ్ హాకిన్స్ కంప్యూటర్ వాడి స్టోన్‌హెంజ్ రాళ్ల జంటల్లో సూర్యచంద్రుల దిక్కులు ఎన్నో చూపించారు. జంటల లెక్క సరిగ్గా వేస్తే అందులో చాలావరకు యాదృచ్ఛికమేనని పురావస్తువేత్తలు బదులిచ్చారు. స్కాట్లండ్ ఇంజనీరు అలెగ్జాండర్ థామ్ స్కాట్లండ్, ఇంగ్లండ్ రాళ్లను ఓపికగా సర్వే చేసి, వాటిలో డిగ్రీలో చిన్న భాగం దాకా ఖచ్చితత్వం ఉందన్నారు. తర్వాత క్లైవ్ రగుల్స్ పశ్చిమ స్కాట్లండ్‌లోని మూడు వందల చోట్లను, ముందే పెట్టుకున్న నియమాలతో, నచ్చినవి ఏరుకోకుండా కొలిచారు. అతి సూక్ష్మ ఖచ్చితత్వం నిలవలేదు. మోటు దిక్కులు మాత్రం నిలిచాయి.

స్టోన్‌హెంజ్ అక్షం విషయంలో మాత్రం అనుమానం లేదు. రాళ్లకు సంబంధం లేని ఇంకో దారి నుంచి అక్కడ సాక్ష్యం వచ్చింది. దగ్గరలోని డరింగ్టన్ వాల్స్ తవ్వకాల్లో దొరికిన పందుల పళ్లను బట్టి వసంతంలో పుట్టిన వాటిని తొమ్మిది నెలల వయసులో, అంటే చలికాలం నడిమధ్యన కోసి విందు చేసుకున్నారని తేలింది. జనం జూన్ సూర్యోదయానికి కాదు, డిసెంబరు సూర్యాస్తమయానికి చేరి ఉంటారన్న వాదనకు అది బలం. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ ఇంకా గట్టి ఉదాహరణ. క్రీ.పూ. 3200 నాటి ఆ సమాధి వాకిలి పైన ప్రత్యేకంగా కట్టిన రంధ్రం గుండా డిసెంబరు అయనాంతపు వెలుగు 17 నిమిషాల పాటు లోపలి గదికి చేరుతుంది. దేనికో కట్టిన కట్టడంలో వెలుగు పడటం కాదది, వెలుగు కోసమే కట్టిన రంధ్రం. ఉద్దేశం ఉందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి.

## మలెనాడు రాళ్లు: వాన చెప్పే సాక్ష్యం

శివమొగ్గ జిల్లా హొసనగర ప్రాంతంలో నిలస్కల్, బైసె, హెర్గల్, ముంబారు అనే చోట్ల పలకల్లాంటి నిలువురాళ్లు ఉన్నాయి. ఈ పలకల పొడుగు వైపు చాలావరకు ఉత్తర-దక్షిణాలుగా ఉంటుంది. శ్రీకుమార్ మేనన్, మయాంక్ వాహియా, కైలాష్ రావు వీటిని సర్వే చేసి, బైసె రాళ్ల అమరికలో అయనాంతాల సూర్యోదయ, సూర్యాస్తమయ రేఖలు కావాలనే కలిపారని ‘కరెంట్ సైన్స్’ అనే శాస్త్ర పత్రికలో వాదించారు. దక్షిణ భారతంలో ఇలాంటి పని వివరంగా జరిగినవి బహు కొద్ది. పలకలన్నీ ఒకే తీరులో తిరిగి ఉండటం ఈ వాదనకు పెద్ద బలం. ఒక్కో పలక తన దిక్కును తానే చెబుతోంది కాబట్టి ఇక్కడ జంటలు ఏరుకునే చిక్కు లేదు. అయితే పలకలు చెప్పేది ఉత్తర-దక్షిణాలను. అయనాంత రేఖలకు మళ్లీ జంటల దగ్గరికి రావాల్సిందే.

ఇక్కడ ఒక ఆచరణాత్మక ప్రశ్న వస్తుంది. హొసనగర ప్రాంతం రాష్ట్రంలోనే భారీ వానలు పడే చోట్లలో ఒకటి. జూన్ 21 నాటికి నైరుతి ఋతుపవనం ముమ్మరంగా ఉంటుంది. ఆ రోజుల్లో దిగంతం మీద సూర్యోదయం కనిపించడం అదృష్టం. మరి వేసవి అయనాంతానికి రాళ్లు నిలబెట్టడంలో అర్థమేముంది?

జవాబు జ్యామితిలోనే ఉంది. దిగంతం సమతలంగా ఉంటే వేసవి అయనాంతపు సూర్యోదయం, శీతాకాలపు అయనాంతపు సూర్యాస్తమయం ఒకే రేఖకు రెండు కొసలు. వేసవి సూర్యాస్తమయం, శీతాకాలపు సూర్యోదయం ఇంకో రేఖకు రెండు కొసలు. అంటే ఆకాశం నిర్మలంగా ఉండే డిసెంబరులో పొద్దున, సాయంత్రం చూసుకుంటే చాలు, రెండు రేఖలూ దొరికిపోతాయి. జూన్ సూర్యుడు కనబడకపోయినా పనికి లోటు రాదు. ఈ రాళ్లను ‘వేసవి అయనాంతపు రాళ్లు’ అనడం కంటే శీతాకాలపు రాళ్లు అనడమే వాతావరణానికి సరిపోతుంది. చలికాలపు ఆచారాలకు, కోతల తర్వాతి తీరికకు చెందిన ఆనవాళ్లు తవ్వకాల్లో దొరికితే డరింగ్టన్ పళ్ల లాంటి స్వతంత్ర సాక్ష్యం మనకూ ఉన్నట్టవుతుంది.

## ముడుమాల్, విభూతిహళ్లి

కృష్ణా, భీమా నదుల మధ్య ఇలాంటి రాతి వరసలు ఎన్నో ఉన్నాయని మొదట పద్ధతిగా నమోదు చేసింది బ్రిటిష్ పురావస్తువేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్. దక్షిణ హైదరాబాద్ రాజ్యపు రాతి వరసల మీద ఆయన పత్రం 1956లో వచ్చింది. యాదగిరి జిల్లా షాహాపూర్ దగ్గరి విభూతిహళ్లి, హనమసాగర ఈ కోవలోవే. ఇవి గళ్ల చీరలా నిలువు అడ్డ వరసల్లో పేర్చిన గుండ్లు. బెంగళూరు కోరమంగలలోని భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు ఈ వరసల దిక్కులకు సూర్యుడి ఉదయాస్తమయాలతో సంబంధం ఉండవచ్చని చర్చించారు. గళ్ల అమరికలో ఒక్కో దిక్కును వందల రాళ్లు కలిసి చూపిస్తాయి కాబట్టి ఆ దిక్కు పొరపాటున వచ్చిందనలేం. కానీ గళ్లలో మూలల మీదుగా రేఖలు లాగడం మొదలుపెడితే మళ్లీ కావలసినన్ని దిక్కులు వస్తాయి.

ముడుమాల్‌లో రెండు రకాలూ ఉన్నాయి, విడివిడిగా నిలబడ్డ పెద్ద రాళ్లు, బండల వరసలు. వీటిలో వరసల దిక్కు మీద ఆధారపడే వాదన బలమైనది, పెద్ద రాళ్లను రెండేసి కలిపే వాదన బలహీనమైనది. సప్తర్షి గుంటల విషయం వేరే. ఏడు గుంటలు ఆ ఆకారంలో ఉండటం చూడగానే తెలుస్తుంది. మూడు వేల ఏళ్లలో ఆ నక్షత్రాల ఆకారం కంటికి తెలిసేంతగా మారలేదు కూడా. కానీ ఒక బండ మీద గుంటలు చాలా ఉన్నప్పుడు ఏడింటిని ఎంచుకునే ప్రశ్న ఇక్కడా వస్తుంది. బొమ్మ గీయడమంటే నక్షత్రాలను తెలిసి ఉండటం, అంతేగాని వాటిని కొలవడం కాదు.

## మరి దేనికి నిలబెట్టారు

దక్షిణ భారతపు బృహత్‌శిలా కట్టడాల్లో, అంటే పెద్ద రాళ్లతో కట్టిన పురాతన కట్టడాల్లో, ఎక్కువ భాగం చనిపోయినవారికి సంబంధించినవి. అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో రాక్షసగుళ్లని, కర్ణాటకలో మోరేర మనెలని పిలిచేవి ఇవే. కొప్పళ జిల్లా హిరేబెణకల్‌లో ఇవి వందల సంఖ్యలో ఉన్నాయి, 2021లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. బెంగళూరు దగ్గరైతే సావనదుర్గ, విమానాశ్రయం దారిలోని చిక్కజాల అలాంటి సమాధుల చోట్లు. 1947లో పురావస్తువేత్త మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్విన రాతి సమాధుల గుండ్రటి రంధ్రం తూర్పు పలకకే ఉంది. తూర్పు అంటే పట్టింపు ఉన్న సమాజమని చెప్పడానికి ఈ సాక్ష్యం చాలు. అది ఆచారం, వేధశాల కాదు.

ఆల్చిన్ ఇంకో దారి చూపించారు. దక్కన్‌లో కనిపించే ఆదిమకాలపు బూడిద దిబ్బలు పశువుల పేడను పండుగ వేళల్లో తగలబెట్టగా ఏర్పడి ఉంటాయని ఆయన అభిప్రాయం. బెంగళూరు, మైసూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ సంక్రాంతికి పశువులను మంట దాటిస్తారు, కిచ్చు హాయిసువుదు అంటారు. ఆ ఆచారానికీ ఆ దిబ్బలకూ నేరుగా లంకె వేయలేం. కానీ ఏడాదిలో ఫలానా సమయానికి ఊళ్లన్నీ ఒకచోట చేరే అలవాటుంటే, ఆ సమయాన్ని గుర్తుపెట్టుకోవడానికి సూర్యుడి మలుపు కంటే నమ్మకమైన గుర్తు లేదు. నక్షత్రాలతో నడిచే కార్తెలు ఋతువుల నుంచి జరిగిపోతాయి. ఆరుద్ర కార్తె ఇప్పుడు జూన్ 21-22న వస్తోంది గానీ మూడు వేల ఏళ్ల కిందటి లెక్కలో అదే చోటు నలభై రోజుల ముందే వచ్చేది. అయనాంతపు దిక్కు మాత్రం అప్పుడూ ఇప్పుడూ దాదాపు అదే.

## ఇక ముందు

యునెస్కో నియమం ప్రకారం తాత్కాలిక జాబితాలో కనీసం ఏడాది ఉన్నాకే పూర్తి ప్రతిపాదన పంపగలరు. ఆ ప్రతిపాదనలో చెప్పిన ప్రతి మాటనూ బయటి నిపుణులు గుచ్చి గుచ్చి అడుగుతారు. అబ్జర్వేటరీ అనే పెద్ద మాట మీద నిలబెట్టిన ఫైలు అక్కడ తడబడే ప్రమాదం ఉంది. ఇంత పెద్ద రాళ్లను కదిపి, ఒక క్రమంలో నిలబెట్టగలిగిన సమాజం, ఆ రాళ్లను ఇప్పటికీ దేవతలుగా కొలిచే ఊళ్లు, ఈ రెండే తక్కువ విషయాలేం కావు.

కావలసిన పని తెలిసిందే. ప్రతి రాయి ఉన్న చోటు, ఒరుగు, పలక దిక్కు అన్నీ కొలవాలి, నచ్చినవే కాదు. కొలవడానికి ముందే ఏ దిక్కులు చూస్తారో రాసి పెట్టుకోవాలి. రాయి పాదు కింది మట్టి చివరిసారి ఎప్పుడు వెలుగు చూసిందో చెప్పే లూమినెసెన్స్ పరీక్షతో నిలబెట్టిన కాలాన్ని తేల్చవచ్చు, ఎందుకంటే రాయి వయసు కోట్ల ఏళ్లు, నిలబెట్టిన వయసు వేరు. పొలాల్లో ఉన్న రాళ్లకు ఇది తొందరగా జరగాలి. దున్నకానికి, ఇళ్ల పునాదులకు పోయిన రాయిని తర్వాత ఏ కంప్యూటరూ తిరిగి నిలబెట్టలేదు.

టూరిజం వల్ల వచ్చే ఒత్తిడి దీనికి తోడు. స్టోన్‌హెంజ్‌లో అయనాంతం రోజు వేల మంది చేరతారు. కంచె, కాపలా లేని దక్కన్ పొలాల్లో అలాంటి గుంపు దిగితే రాళ్లకు మంచిది కాదు. బెంగళూరు నుంచి వారాంతపు ప్రయాణం వేసుకునేవారికి ఒక సౌకర్యం ఉంది. డిసెంబరు 14 నుంచి 28 దాకా సూర్యుడు దిగంతం మీద దాదాపు ఒకే చోట, తేడా అంటే బింబంలో మూడో వంతు, అస్తమిస్తాడు. 21వ తేదీనే అందరూ ఒక్కసారి వెళ్లాల్సిన అవసరం లేదు.